పల్లెపాట బలము
(అమెరికా కంట్రీ సంగీత చరిత్రమునుండి ఒక పాఠము)

కొన్ని సంవత్సరముల క్రిందట, వార్షికోత్సవమునకు పాటలు ఏర్చుచున్న ఒక దినమున, మా తరగతిలోని బాలుడొకడు లేచి, తన తల్లి వరినాట్ల కాలమున పాడు పాటను గొంతెత్తి పాడెను. మొదటి చరణము ముగియగనే మేము వానిని ఆపి, "ఇది మొరటు పాట, సభకు తగదు, కూర్చుండుము" అంటిమి. బాలుడు మారుపలుకక కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు వాడు మా యెదుట మరల పాడలేదు.

మేము చేసినది తప్పని ఆనాడు మాకు తోచలేదు. తరువాత అమెరికా దేశపు కంట్రీ సంగీతమును గూర్చి చదువ నారంభించినప్పుడు, ఆ దేశపు పట్టణవాసులును తమ పల్లెల పాటను గూర్చి ఇదే మాట అనిరని తెలిసికొంటిమి. అట్లు త్రోసివేయబడిన పాటయే పిమ్మట గవర్నరులను గద్దె నెక్కించెను. ఖైదీల గోడును శాసనసభ చెవిని వేసెను. కోట్లకొలది పుస్తకములను బిడ్డల చేతులలో పెట్టెను. ఒక్కొక్కప్పుడు ఘోరమైన కీడును కూడ చేసెను. విద్యార్థులకు ఈ చరిత్రము ఉపయోగపడునని తలచి దీనిని వ్రాయుచున్నాము.

1. పుట్టుక

ఇంగ్లీషున "కంట్రీ" అను మాటకు దేశమనియు, పల్లెయనియు రెండర్థములు కలవు. ఇచ్చట పల్లె యనియే గ్రహింపవలెను. అమెరికా దక్షిణ రాష్ట్రములందును, అపలేచియను కొండలయందును కాపురమున్న బీదజనుల పాట ఇది.

ఈ పాట ఒక్క జాతి సొత్తు కాదు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములనుండి వలస వచ్చినవారు కథాగేయములను, ఫిడేలును తెచ్చిరి. బానిసలుగా కొనిరాబడిన ఆఫ్రికావారు సొరకాయ బుర్రకు తోలు బిగించి చేయు వాద్యమును తెచ్చిరి. అదియే బాంజో ఆయెను. స్పెయినువారి గిటారు, తపాలా ద్వారా సరకులమ్ము అంగళ్లవలన చౌకగా కొండపల్లెలకు చేరెను. వీటన్నిటికి దేవాలయపు కీర్తనలు తోడయ్యెను. ఇట్లు తెల్లవారును నల్లవారును ఒకరి పాటను ఒకరు విని నేర్చుకొనగా ఈ సంగీతము పెరిగెను.

1923వ సంవత్సరమున అట్లాంటా పట్టణమందు జాన్ కార్సన్ అను ఫిడేలు వాద్యకాని పాటను గ్రామఫోను కంపెనీవారు ఎత్తిరి. అది విస్తారముగా అమ్ముడుపోగా కంపెనీలకు ఆశ పుట్టెను. అయినను వారు ఈ పాటలకు "హిల్‌బిల్లీ" యని పేరు పెట్టిరి. అది కొండమీది మొద్దు అనునట్టి వెక్కిరింపు మాట. అంతేగాక, ఒకే ఊరివారు పాడిన పాటలను తెల్లవారివి ఒక పట్టికలోను, నల్లవారివి వేరొక పట్టికలోను చేర్చి అమ్మిరి. పాటలో లేని గోడను అంగడిలో కట్టిరి. 1949లో గాని బిల్‌బోర్డు అను వ్యాపారపత్రిక తన పట్టికకు "కంట్రీ అండ్ వెస్టర్న్" అను గౌరవమైన పేరు పెట్టలేదు.

2. బ్రిస్టలు పట్టణము

టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దుమీద బ్రిస్టలు అను పట్టణము కలదు. దాని పెద్దవీధి నడుమనే రెండు రాష్ట్రముల పొలిమేర సాగును. 1927వ సంవత్సరము జూలై నెలాఖరున విక్టరు కంపెనీ పక్షమున రాల్ఫ్ పీర్ అనునతడు అచ్చటికి యంత్రములతో వచ్చి, చుట్టుపట్ల గాయకులను పిలిపించెను. ఆ పండ్రెండు దినములలో ఆయనకు రెండు రత్నములు దొరకెను.

మొదటిది కార్టరు కుటుంబము. ఏ. పి. కార్టరు, అతని భార్య సారా, మరదలు మేబెల్ కొండదారులను దాటి వచ్చిరి. మేబెల్‌కు అప్పటికి పదునెనిమిదేండ్లు, గర్భవతి. ఆమె బొటనవ్రేలితో గిటారు లావు తీగలమీద పాటను పలికించుచు, తక్కిన వ్రేళ్లతో సన్నతీగలమీద తాళము వేసెడిది. తోడువాద్యముగా నుండిన గిటారు ఆమె చేతిలో పాట నడుపు వాద్యమాయెను. నేటికిని కంట్రీ గిటారు నేర్చువారు ఆమె పద్ధతిని అభ్యసింతురు.

రెండవవాడు జిమ్మీ రాడ్జర్సు. ఇతడు మిసిసిపీ రాష్ట్రపు రైల్వే పనివాడు. క్షయరోగమువలన రైలు పని మానుకొని పాటను నమ్ముకొనెను. ఆరేండ్లలో దేశమంతట పేరు పొంది, 1933లో ముప్పది యైదేండ్లకే ఆ రోగముచేత మరణించెను. ఇతని పాట ఎంతదూరము పోయెనో చూడుడు. ఆఫ్రికాలోని కెన్యా దేశమందు కిప్సిగీస్ అను పశుపాలకజాతి బాలికలు గ్రామఫోనులో ఇతని గొంతు విని ఆశ్చర్యపడి, ఇతడు సగము మనుష్యుడు, సగము జింక యని ఊహించి, ఇతని పేరనే పాట కట్టుకొనిరి. 1950లో హ్యూ ట్రేసీ అను పండితుడు ఆ పాటను రికార్డు చేసెను.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. ఏ. పి. కార్టరు పాతపాటలను సేకరించుటకై కొండపల్లెలు తిరుగునప్పుడు, లెస్లీ రిడిల్ అను నల్లజాతి గాయకుడు అతని వెంట నడిచెను. ఇతడు సిమెంటు కార్ఖానాలో ప్రమాదమువలన ఒక కాలు పోగొట్టుకొన్నవాడు. కార్టరు మాటలు వ్రాసికొనెడివాడు. రిడిల్ రాగమును మనసున పట్టెడివాడు. గ్రామఫోను ప్లేటుమీద కార్టరుల పేరు పడెను. రిడిల్ పేరు చాలకాలము ఎవరికిని తెలియలేదు.

3. రేడియో

1925వ సంవత్సరము నవంబరు 28వ తేదీ రాత్రి, నాష్‌విల్ పట్టణమందలి డబ్ల్యూ.ఎస్.ఎం. రేడియోలో జిమ్మీ థాంప్సన్ అను డెబ్బది యేడేండ్ల వృద్ధుడు ఫిడేలు వాయించెను. "గ్రాండ్ ఓల్ ఆప్రీ" అని పిమ్మట పేరు పొందిన కార్యక్రమమునకు అది మొదలు. ఆ రేడియో ఒక భీమా కంపెనీది. పల్లెపాట వినిపించి పల్లెవారి నమ్మకమును సంపాదించినచో భీమా అమ్ముట సులభమగునని యజమానులు గ్రహించిరి. కారణమేదైనను, 1932 నాటికి ఆ కేంద్రము ఏబదివేల వాట్ల బలముతో అనేక రాష్ట్రములకు వినవచ్చుచుండెను. శనివారము రాత్రి రేడియో యున్న ఇంట ఇరుగుపొరుగువారు చేరి వినెడివారు. తమ మాట, తమ యాస, తమ కష్టము దూరమునుండి తమకే వినిపించుటవలన, వేరువేరు కొండలయందున్న బీదలు తాము ఒక్క జనమని తెలిసికొనిరి. ఈ సంగీతపు రాజకీయబలమునకు మూలము ఇదియే యని మా యభిప్రాయము.

1943 మొదలు 1974 వరకు ఈ కార్యక్రమము రైమన్ మందిరమున జరిగెను. టామ్ రైమన్ అను పడవల యజమాని, శామ్ జోన్స్ అను బోధకుని ప్రసంగము విని మారుమనస్సు పొంది, సువార్తసభలకై కట్టించిన కట్టడమది, 1892లో తెరవబడెను. కాబట్టి వినువారు ఆరాధనకై వేసిన బల్లలమీదనే కూర్చుండి పాటలు వినిరి.

4. వోట్ల వేటలో పాట

జనులు గుమిగూడు చోటికి వోట్లు కోరువారు రాకుందురా? టెక్సాస్ రాష్ట్రమున ఓడేనియల్ అను పిండివ్యాపారి తన పిండిని అమ్ముటకై రేడియోలో గాయకబృందమును నడిపెను. ఆ బృందముతోడనే ఊరూర తిరిగి 1938 ఎన్నికలో గవర్నరాయెను. 1941లో, తరువాత అధ్యక్షుడైన లిండన్ జాన్సన్‌నే సెనేటు ఎన్నికలో ఓడించెను. లూసియానా రాష్ట్రమున జిమ్మీ డేవిస్ అను గాయకుడు 1944లోను, మరల 1960లోను గవర్నరుగా పదవి స్వీకరించెను. ఇతడు పరుల పొలమును పాలుకు చేసికొను బీదరైతు కుమారుడు. అతని పాట వినినవారు మనవాడని వోటు వేసిరి. అయితే రెండవమారు అతడు నల్లవారిని, తెల్లవారిని వేరుపరచు పద్ధతిని నిలుపుటకు పూనుకొనెను. పాట తీయనిదైనంతమాత్రమున పాలన న్యాయమైనది కాదని దీనివలన తెలియుచున్నది.

అందరును గెలువలేదు. ఆప్రీ గాయకులలో అగ్రగణ్యుడైన రాయ్ అకఫ్ 1948లో టెన్నెసీ గవర్నరు పదవికి నిలిచి ఓడిపోయెను. పాట వినుటకు వచ్చినవారందరును వోటు వేయలేదు. జనులను మనము తలచునంత అమాయకులుగా ఎంచరాదు.

5. కీడు చేసిన పాట

చేదైనను చెప్పవలసిన సంగతి యొకటి కలదు. పైన పేర్కొన్న జాన్ కార్సన్, గ్రామఫోనుకు పాడక మునుపే, అట్లాంటాలో జరిగిన ఒక హత్యను గూర్చి పాట కట్టెను. 1913లో పెన్సిళ్ల కార్ఖానాలో పనిచేయు పదుమూడేండ్ల మేరీ ఫేగన్ అను బాలిక చంపబడెను. కార్ఖానా పర్యవేక్షకుడైన లియో ఫ్రాంక్ అను యూదుని నేరస్థుడనిరి. సాక్ష్యము సరిగా లేదని గవర్నరు ఉరిశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చెను. కార్సన్ పాట ఫ్రాంకే హంతకుడని జనులలో ప్రాకెను. 1915 ఆగస్టులో ఒక గుంపు అతనిని చెఱసాలనుండి ఎత్తుకొనిపోయి చెట్టుకు వ్రేలాడదీసి చంపెను. జార్జియా రాష్ట్రము 1986లో అతనికి క్షమాపణ పత్రము నిచ్చెను. చనిపోయిన యేడు పదుల యేండ్లకు!

పాట సాక్ష్యము విచారింపదు. రాగము చెవికి ఇంపైనప్పుడు మాట నిజమో కాదో అడుగుట మరచిపోవుదుము. జనుల పాట గనుక అది న్యాయమేయని అనుకొనువారికి ఈ కథ హెచ్చరిక.

6. చెఱసాలయందును, అధ్యక్షభవనమందును

ఇక మేలు చేసిన పాటను గూర్చి చెప్పుదుము. జానీ క్యాష్ అర్కాన్సా రాష్ట్రపు ప్రత్తిరైతుల బిడ్డ. 1968వ సంవత్సరము జనవరి 13వ తేదీన ఆయన కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ చెఱసాలకు పోయి ఖైదీల యెదుట పాడి, ఆ పాటలను రికార్డుగా వెలువరించెను. ఆ చెఱసాలలోని గుడిని గూర్చి గ్లెన్ షెర్లీ అను ఖైదీ ఒక పాట వ్రాసియుండెను. బోధకుడొకరు దానిని ముందురాత్రి క్యాష్‌కు వినిపించిరి. క్యాష్ దానిని నేర్చుకొని మరునాడు సభలో పాడెను. ముందువరుసలో కూర్చుండిన షెర్లీకి తన పాట పాడబడునని తెలియనే తెలియదు. 1972లో క్యాష్ సెనేటు ఉపసంఘము నెదుట నిలిచి చెఱసాలల సంస్కరణకై సాక్ష్యమిచ్చెను.

1970 ఏప్రిలులో అధ్యక్షుడు నిక్సన్ ఆయనను అధ్యక్షభవనమునకు పిలిపించి, రెండు పాటలు పాడుమని కోరెను. ఒకటి ప్రభుత్వసహాయము పొందు బీదలను ఎగతాళి చేయునది. రెండవది మెర్ల్ హ్యాగర్డ్ పాట; యుద్ధమును వ్యతిరేకించు యువకులను తప్పుపట్టునది. క్యాష్ మర్యాదగా, ఆ పాటలు తనకు రావని చెప్పి, వాటికి బదులు యువకుల ప్రశ్నలను పెద్దలు ఓర్పుతో వినవలెనను భావముగల తన సొంత పాటను పాడెను. ఆయన సైనికులకు శత్రువు కాడు. అంతకు ముందటి సంవత్సరమే వియత్నాముకు పోయి వారికి పాడి వచ్చినవాడు. అయినను, బీదవానిని నవ్వులపాలు చేయుటకు తన గొంతును అరువీయలేదు.

హ్యాగర్డ్ సంగతియు వినదగినది. యౌవనమున దొంగతనమునకై శాన్ క్వెంటిన్ చెఱసాలలో ఉన్నప్పుడు, అచ్చటికి వచ్చిన క్యాష్ పాటను ఖైదీగా కూర్చుండి వినెను. బయటకు వచ్చి గొప్ప గాయకుడాయెను. 1972లో కాలిఫోర్నియా గవర్నరు రీగన్ అతని నేరమును క్షమించెను. ఒకే చెఱసాలనుండి వచ్చిన పాట ఒక పక్షమునకే చెందదని విద్యార్థులు తెలిసికొనవలెను.

7. స్త్రీలును, నల్లవారును

ఎవరి పాటయని చెప్పబడుచుండెనో, ఆ జనములోనే కొందరికి వేదికమీద చోటు దొరకలేదు.

డిఫర్డ్ బెయిలీ బానిస మనుమడు. చిన్ననాటి పోలియోచేత పొట్టివాడాయెను. హార్మోనికాపై రైలుబండి ధ్వనిని పలికించుటలో అతనికి సాటి లేరు. ఆప్రీ తొలి సంవత్సరములలో అందరికంటె ప్రియమైన వాద్యకారులలో నొకడు. తోడిగాయకులతో ఊళ్లు తిరుగునప్పుడు వారు దిగిన హోటలులో అతనికి గది ఇచ్చెడివారు కారు. 1941లో అతనిని తొలగించిరి. ఆ పిమ్మట బూట్లు మెరుగుపెట్టు అంగడితో జీవించి 1982లో మరణించెను. 2005లో అతని పేరును కంట్రీ సంగీత కీర్తిమందిరమున చేర్చిరి.

చార్లీ ప్రైడ్ మిసిసిపీ ప్రత్తిచేల కూలికుటుంబపు బిడ్డ. తండ్రి రేడియోలో ఆప్రీ వినుచు పెరిగెను. 1966లో అతని మొదటి పాటలను రేడియోలకు పంపునప్పుడు కంపెనీవారు ఫోటో పంపలేదు. జనులు మొదట గొంతును మెచ్చిరి. తరువాత ముఖమును చూచిరి. 1971లో ఆ సంగీతసంఘము అతనిని ఆ సంవత్సరపు ఉత్తమ కళాకారునిగా ఎన్నుకొనెను. 2025లో బియాన్సే అను నల్లజాతి గాయనికి ఉత్తమ కంట్రీ ఆల్బమునకు గ్రామీ బహుమానము వచ్చినప్పుడు, ఈమెకు ఇచ్చట ఏమి పని యని అడిగినవారు లేకపోలేదు. బాంజో ఎక్కడినుండి వచ్చెనో వారు మరచిరి.

లొరెట్టా లిన్ కెంటకీ రాష్ట్రపు బొగ్గుగని కూలివాని కూతురు. పదునైదేండ్లకే పెండ్లియై, ఇరువదియేండ్లు నిండులోపలనే పలువురు బిడ్డల తల్లియాయెను. తన బీదతనమును, భర్తల త్రాగుడును, తల్లుల అలసటను దాచక పాడెను. సంతాన నియంత్రణను గూర్చి 1975లో వెలువడిన ఆమె పాటను అనేక రేడియోలు వినిపింపలేదు. అయినను అది అమ్ముడుపోయెను. 2003లో ఇరాకు యుద్ధమునకు ముందు, డిక్సీ చిక్స్ అను బృందపు గాయని లండనులో అధ్యక్షుడు బుష్‌ను నిరసించి మాటాడినప్పుడు, స్వదేశపు రేడియోలు వారి పాటలను ఆపివేసెను. చంపెదమని బెదిరింపులును వచ్చెను. నాలుగేండ్లకు వారికి ఐదు గ్రామీ బహుమానములు దొరకినను, పోయిన రేడియో మరల రాలేదు. తమ పాట విని ఏకమైన జనమే, తమలో నొకరు వేరుమాట పలికినచో ఓర్వలేకపోయెను.

8. రైతులును, బిడ్డలును

1985 నాటికి అప్పులకు వడ్డీ పెరిగి, భూముల వెల పడిపోయి, అమెరికాలో వేలకొలది రైతులు పొలములు పోగొట్టుకొనుచుండిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన విల్లీ నెల్సన్, జాన్ మెలెన్‌క్యాంప్, నీల్ యంగ్ అను గాయకులు ఇలినాయి రాష్ట్రమున "ఫార్మ్ ఎయిడ్" అను మహాసభ జరిపి రైతులకై ధనము కూర్చిరి. 1987లో రైతులను వెంటబెట్టుకొని శాసనసభ యెదుట సాక్ష్యము పలికించిరి. ఆ సంవత్సరమే వ్యవసాయ ఋణములను గూర్చిన చట్టమును శాసనసభ ఆమోదించెను.

అన్నిటికంటె ఉపాధ్యాయులమైన మమ్ము కదల్చినది డాలీ పార్టన్ చేసిన పని. ఆమె టెన్నెసీ కొండలలో పండ్రెండుమంది బిడ్డలలో నొకతె. ఆమె తండ్రి కష్టజీవి, తెలివిగలవాడు. కాని చదువను వ్రాయను రానివాడు. ఆయన సిగ్గును ఆమె మరువలేదు. 1995లో తన సొంత జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకును, ఐదేండ్లు నిండువరకు నెలకొక పుస్తకము ఉచితముగా తపాలాలో పంప నారంభించెను. ఆ పని ఐదు దేశములకు వ్యాపించి, పంచిన పుస్తకములు 20 కోట్లు దాటెను. గవర్నరుల పదవులు ముగిసినవి. ఈ పుస్తకములు ఇంకను ఇండ్లకు వచ్చుచున్నవి.

ముగింపు

ఈ చరిత్రమువలన మేము మూడు సంగతులు నేర్చుకొంటిమి. మొరటుపాట యని మనము త్రోసివేయునది ఒక జనము తన్ను తాను గుర్తుపట్టు అద్దము కావచ్చును. ఆ బలమును ఎవరైనను వాడుకొనగలరు గనుక, పాట వినునప్పుడు మాటను కూడ విచారింపవలెను. పాడినవారి పేరు వ్రాసి యుంచకున్నచో అన్యాయము జరుగును.

మేము కూర్చుండబెట్టిన ఆ బాలుడు ఇప్పుడు లారీ నడుపుచు కుటుంబమును పోషించుకొనుచున్నాడు. మొన్నటి సంవత్సరము దారిలో కనబడినప్పుడు, ఆనాటి మాటకు మన్నింపుమని అడిగి, ఆ పాటను మరల పాడుమని కోరితిమి. అతడు నవ్వి, "అమ్మ చనిపోయినదండి. ముందు చరణమే గాని, తక్కినది జ్ఞాపకము లేదండి" అనెను. ఆ పాట ఇక ఎవరికిని దొరకదు.

కాబట్టి విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తల్లిని, అవ్వను, పొరుగున నున్న కూలిస్త్రీని అడిగి, వారు పాడు పాటనొకదానిని పూర్తిగా వ్రాసికొని రండు. పాడినవారి పేరును, ఊరును తప్పక వ్రాయుడు. తల్లిదండ్రులారా, బిడ్డలు అడిగినప్పుడు సిగ్గుపడక పాడుడు. ఈమారు మేము కడవరకు విందుము.

అభ్యాసము

1. కంట్రీ సంగీతమునందు కలిసిన జాతులెవ్వి? ఒక్కొక్కరు ఏమి తెచ్చిరి?
2. ఒకే సంగీతమును రెండు పట్టికలుగా విభజించుటవలన ఎవరికి నష్టము కలిగెను?
3. లియో ఫ్రాంక్ కథలో పాట చేసిన తప్పేమి? అట్టి తప్పు నేడు ఏయే విధముల జరుగవచ్చును?
4. అధ్యక్షుడు కోరిన పాటలను జానీ క్యాష్ పాడకపోవుట అవిధేయతయా, ధర్మమా? కారణములు చెప్పుము.
5. మీ ఇంట పాడు పాటనొకదానిని, పాడినవారి పేరుతో వ్రాయుము.